నాటిన జుట్టుకు లెక్క చెప్పే చేతి స్కోపు: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

జుట్టు నాటించుకున్న ఏడాదికి ఎన్ని మొలిచాయో అద్దం చెప్పదు, ఫోన్ ఫొటో అసలే చెప్పదు. తల తడిగా ఉన్నా, లైటు పక్కనుంచి పడినా, దువ్వెన అటు తిప్పినా అదే మాడు ఒత్తుగానో పలుచగానో కనిపిస్తుంది. ఆ గొడవ తీర్చడానికే యూఎస్‌బీ చేతి స్కోపులు, అంటే కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోపులు, వాడతారు. ఇక్కడ చూస్తున్నది ఒక బ్రాండును కాదు, ఆ తరహా పరికరాన్ని: పోలరైజ్డ్ లైటు, మూతికి ప్లాస్టిక్ రింగు, కంప్యూటర్లో కొలతలు తీసే సాఫ్ట్‌వేర్ ఉన్నది. లెక్కకు బాగానే పనికొస్తుంది. కాకపోతే దాన్ని మొదటిసారి తల మీద పెట్టాల్సింది ఆపరేషన్‌కు ముందు. ఏడాది గడిచాక కొంటే అది చూపే అంకెను దేనితో పోల్చాలో తెలియదు.

పెట్టె మీద '1000 రెట్లు' అని ఉంటే పట్టించుకోవద్దు. ఎన్ని రెట్లన్నది తెర సైజును బట్టి మారిపోతుంది. చూడాల్సింది ఫ్రేములో ఎంత చర్మం పడుతోందన్నదే. 10 మి.మీ. పొడవు, 7.5 మి.మీ. వెడల్పు పడితే అది 0.75 చదరపు సెంటీమీటరు. 5 మి.మీ. పొడవు, 3.75 మి.మీ. వెడల్పు అయితే 0.19 కూడా రాదు. ఈ చిన్న ఫ్రేములో ఒక్క వెంట్రుక ఎక్కువ లెక్కపెట్టినా చదరపు సెంటీమీటరుకు ఐదు పైగా పెరిగిపోతాయి. పెద్ద ఫ్రేములో అదే పొరపాటు ఒకటిన్నర కూడా దాటదు. ఫోకస్ రింగు కాస్త తిరిగినా స్కేలు మారుతుంది. అందుకే ముందు స్టీలు స్కేలు మీద ఒక ఫొటో తీసి, రింగు కదలకుండా టేపు చుట్టి, ఆ తర్వాతే తల మీద పెట్టాలి.

పోలరైజ్డ్ లైటు మాత్రం డబ్బు పెట్టదగ్గ సదుపాయం. మాడు మీద జిడ్డు మెరుపును అది చంపేస్తుంది, కుదుళ్లు విడివిడిగా తేలతాయి. తెల్ల వెంట్రుకలు మాత్రం దాదాపు మాయమవుతాయి. కొలిచే చోట ముందుగా రంగు వేయకపోతే నెరిసిన తలలో లెక్క తక్కువే వస్తుంది.

అసలు చిక్కు చోటు గుర్తుపట్టడంలో ఉంది. ఏడాది తర్వాత 2 మి.మీ. పక్కకు జరిగి పెట్టినా అది వేరే నేల కిందే లెక్క. నాటే చోట సూదిమొనంత నల్ల పచ్చబొట్టు చుక్క పెట్టించడం మేలైన దారి. వద్దనుకుంటే దగ్గరలోని రెండు పుట్టుమచ్చల నుంచి దూరాలు కొలిచి రాసుకోవాలి. చుక్క చుట్టూ ఒక చదరపు సెంటీమీటరు మేర జుట్టును 1 మి.మీ. ఎత్తుకు కత్తిరించాలి. ఇక్కడే చాలామంది వెనకాడతారు. కానీ కత్తిరించకపోతే పొడుగు వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పడి, ఒకే రంధ్రం నుంచి వచ్చిన మూడు కూడా ఒకటిగా కనిపిస్తాయి. చుట్టూ జుట్టు ఉంటే అంత చిన్న ముక్క బయటికి తెలియదు. మూతి రింగును ఆనించాలే గాని నొక్కకూడదు. నొక్కితే చర్మం రింగు లోపలికి ఉబ్బి, మధ్యలో ఫోకస్ ఉంటే అంచుల్లో పోతుంది. ఫ్రేము అంచున సగం పడ్డ వెంట్రుకల విషయంలో ముందే ఒక నియమం పెట్టుకోవాలి: పై అంచు, ఎడమ అంచు మీదివి లెక్కలోకి, కింది అంచు, కుడి అంచు మీదివి బయటికి.

సాఫ్ట్‌వేర్ దానంతటది లెక్కపెడుతుందన్న మాటను సగమే నమ్మాలి. జంట వెంట్రుకల్ని ఒకటి చేస్తుంది, చుండ్రు పొట్టును వెంట్రుక అంటుంది, నూగును వదిలేస్తుంది. అది పెట్టిన గుర్తుల్ని తెర మీద ఒక్కొక్కటీ చూసి చేత్తో దిద్దితేనే ఆ ఫొటో పనికొస్తుంది.

లెక్క ఎలా వేయాలో చూద్దాం. చుక్క చుట్టూ ఒక చదరపు సెంటీమీటరులో 35 గ్రాఫ్టులు (కుదుళ్లతో సహా తీసి నాటే చిన్న చర్మపు ముక్కలు) నాటారనుకోండి: 10 ఒంటివి, 20 జంటలు, 5 మూడేసివి. అంటే నాటినవి 65 వెంట్రుకలు. అంతకుముందే అక్కడ 40 ఉన్నాయి. పన్నెండో నెలలో స్కోపు 93 చూపింది. 93 లోంచి 40 తీస్తే 53, అంటే 82 శాతం. కానీ ఆ ఏడాదిలో పాతవాటిలో 6 రాలిపోయి ఉంటే నాటినవి నిజానికి 59 మొలిచినట్టు, అంటే 91 శాతం. ఈ తొమ్మిది శాతం తేడా సర్జన్ చేతిలోది కాదు, బట్టతల ముదరడం వల్ల వచ్చింది. ఈ తేడా పట్టుకోవాలంటే నాటని చోట, అదే తరహా పలుచదనం ఉన్న భాగంలో రెండో చుక్క ఉండాలి. ఈ మధ్యలో జుట్టు రాలడానికి వాడే మినాక్సిడిల్ గానీ ఫినాస్టరైడ్ గానీ మొదలుపెడితే లెక్క ఎదురువైపు తప్పుతుంది: పాతవి బలపడి పైకొస్తే ఆ పుణ్యం గ్రాఫ్టుల ఖాతాలో పడుతుంది. ఒక్కోసారి నూరు శాతం దాటడమూ ఉంది. గ్రాఫ్టు తీసిన రోజున విశ్రాంతి దశలో ఉండి పైకి కాడ కనిపించని కుదుళ్లు తర్వాత మొలుస్తాయి మరి.

ఎప్పుడు కొలవాలన్నదీ ముఖ్యమే. రెండు నుంచి నాలుగు వారాల్లో నాటిన వెంట్రుకలు రాలిపోతాయి, కుదురు లోపలే ఉంటుంది. మూడు, నాలుగు నెలలకు మళ్లీ మొలక మొదలవుతుంది. ఆరో నెల కొలత కుతూహలానికి తప్ప తీర్పుకు పనికిరాదు. ముందు భాగానికి 12 నెలలు, నడినెత్తికి 15 నుంచి 18 నెలలు ఆగాలి.

మందం కొలవడంలో ఈ స్కోపులు తేలిపోతాయి. 1600 పిక్సెళ్ల ఫొటోలో 10 మి.మీ. పడితే ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్ల పైమాటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 60 మైక్రాన్ల వెంట్రుకకు దక్కేది పది పిక్సెళ్లు. అంచు గీయడంలో ఒక్క పిక్సెల్ తప్పినా మందంలో పది శాతం, అడ్డుకోత వైశాల్యంలో ఇరవై శాతం తేడా. మందం కావాలంటే జూమ్ పెంచి, మళ్లీ స్కేలు ఫొటో తీసి, పాతిక ముప్ఫై వెంట్రుకల సగటు చూసుకోవాలి.

ఇదే పనికి హెయిర్‌చెక్ అనే పరికరం వేరే దారి పట్టింది. 2008లో బెర్నార్డ్ కోహెన్ ప్రచురించిన పద్ధతి అది. నాలుగు చదరపు సెంటీమీటర్ల చోట ఉన్న జుట్టును కుచ్చుగా పట్టి నొక్కి, మొత్తం అడ్డుకోత ఎంతో ఒక్క అంకెలో చెబుతుంది. కత్తిరించనక్కర్లేదు, సంఖ్య, మందం రెండూ అందులోనే కలిసి వస్తాయి. కంటికి కనిపించే ఒత్తుదనానికి ఆ అంకే దగ్గర. కానీ ఎన్ని మొలవలేదో, ఎందుకు మొలవలేదో అది చెప్పదు.

స్కోపు అసలు విలువ ఆ 'ఎందుకు' దగ్గరే తెలుస్తుంది. జంట గ్రాఫ్టులు పెట్టిన చోట ఒంటి వెంట్రుకలే ఎక్కువగా వస్తే, తీసేటప్పుడు కుదుళ్లు తెగాయేమోనని అనుమానించాలి. అంతటా సమానంగా పలుచబడితే గ్రాఫ్టులు బయట ఆరిపోయాయా, ఎక్కువసేపు ఉంచారా అని అడగాలి. మధ్యలో ఒకే ముక్క బోసిగా, మెరుస్తూ ఉంటే అక్కడ రక్తప్రసారం దెబ్బతిని ఉండొచ్చు. వెంట్రుక మొదట్లో చుట్టూ ఎర్రదనం, తెల్లటి పొట్టు కనిపిస్తే లెక్క ఆపి చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

కొనేవాళ్లు స్కోపుతో పాటు క్లినిక్ నుంచి గ్రాఫ్టుల చీటీ కూడా తీసుకోవాలి: ఒంటివి ఎన్ని, జంటలెన్ని, మూడేసివి ఎన్ని, చుక్క చుట్టూ ఎన్ని నాటారు. 'మొత్తం 2500 గ్రాఫ్టులు' అన్న ఒక్క అంకెతో పైన వేసిన లెక్కలో మొదటి వరుస కూడా నిండదు.