చైనీస్ వాళ్ళతో ఇంగ్లీషు చదివించడానికి ఆరోగ్యం పాఠాలు: చాలాకాలం వాడాక నా సమీక్ష

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా పేటలో సగం మంది మనవాళ్ళు, సగం మంది చైనీస్ వాళ్ళు అనిపిస్తుంది. ఇక్కడి లైబ్రరీలో వారానికోసారి కొందరు చైనీస్ పెద్దవాళ్ళతో, పిల్లల తల్లులతో కూర్చుని ఇంగ్లీషు చదివిస్తుంటాను. నేను టీచర్ని కాదు, అయినా వాళ్ళు నన్ను "లావోషీ" అనే పిలుస్తారు, అంటే టీచరుగారూ అని. "ఏం పుస్తకం వాడతారు, మా అమ్మానాన్నలక్కూడా పనికొస్తుందా" అని తెలుగువాళ్ళు తరచు అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

పుస్తకమంటూ ఏదీ లేదు. మూడు రకాల పాఠాలు వాడతాను, మూడూ ఆరోగ్యం గురించినవే. ఒకటి, అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా వారి లెర్నింగ్ ఇంగ్లీష్‌లోని హెల్త్ అండ్ లైఫ్‌స్టైల్ కథనాలు. రెండు, మెడ్‌లైన్‌ప్లస్ అనే ఆరోగ్యం సైటులో చైనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ దొరికే కరపత్రాలు. మూడు, మందుల డబ్బా వెనకవైపు ఉండే డ్రగ్ ఫ్యాక్ట్స్ పట్టీ. చదివే వేగం పెరగాలంటే మొదటిది, మాటలు గుర్తుండాలంటే మూడోది. రెండోది రెంటికీ మధ్యలో ఉంటుంది, జాగ్రత్తగా వాడితేనే లాభం.

ముందు ఆరోగ్యమే ఎందుకో చెప్పాలి. మన ఊళ్ళో బడి మొహం చూడని అమ్మమ్మ కూడా "బీపీ ఉంది, షుగర్ వచ్చింది, స్కానింగ్ తీయించారు, ఆపరేషన్ అన్నారు" అంటుంది. ఇంగ్లీషు రాకపోయినా డాక్టరు ముందు సగం మాటలు ఆమె దగ్గరే ఉంటాయి. చైనీస్ పెద్దవాళ్ళకు ఆ ఆసరా లేదు. జబ్బుల పేర్లు దాదాపు అన్నీ వాళ్ళ సొంత మాటల్లోనే ఉన్నాయి. డయాబెటిస్‌ని "థాంగ్‌న్యావ్‌బింగ్" అంటారు: చక్కెర, మూత్రం, జబ్బు. పేరు వింటేనే విషయం తెలిసిపోతుంది. అలాంటి భాషలోంచి వచ్చి "హైపర్‌టెన్షన్" అనే మాట చూస్తే పట్టుకోవడానికి కొస దొరకదు. చైనాలోని చెంగ్డూలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక పెద్దమనిషి కంటే మా పెద్దమ్మకే ఇంగ్లీషు వైద్యం మాటలు ఎక్కువ తెలుసంటే నాకే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

ఇంగ్లీషు అక్కడితో ఊరుకోదు. గుండెకు హార్ట్ అని నేర్చుకుంటే డాక్టరు కార్డియాక్ అంటాడు. కిడ్నీ నేర్చుకుంటే రీనల్, లంగ్ నేర్చుకుంటే పల్మనరీ వస్తాయి. చైనీస్‌లో గుండెకు "షిన్" అనే అక్షరం ఏ జబ్బు పేరులోనైనా అదే రూపంలో కనిపిస్తుంది. అందుకే నేను మాటల్ని జంటలుగా ఇస్తాను. ఒక్క చోట మాత్రం పని సులువు. వాపు, మంటతో కూడిన జబ్బులకు చైనీస్‌లో చివర "యెన్" వస్తుంది, ఇంగ్లీషులో "ఐటిస్" వస్తుంది. హెపటైటిస్, ఆర్థరైటిస్, గాస్ట్రైటిస్, బ్రాంకైటిస్ అన్నీ ఒక్క పూటలో పట్టేశారు. న్యుమోనియాను వాళ్ళు "ఫెయ్‌యెన్" అంటారు, దానికి ఇంగ్లీషులో ఐటిస్ ఎందుకు లేదని పోట్లాట కూడా అయింది.

ఇక వాయిస్ ఆఫ్ అమెరికా సంగతి. స్పెషల్ ఇంగ్లీష్ పేరుతో ఇది 1959 అక్టోబరులో రేడియోలో మొదలైంది. సుమారు 1500 మాటలకే పరిమితమై, చిన్న చిన్న వాక్యాల్లో, ఒక వాక్యంలో ఒకే విషయం చెబుతూ, మామూలు వార్తల కంటే మెల్లగా చదివేవారు. 1980ల్లో చైనాలో ఇంగ్లీషు నేర్చుకున్న తరానికి ఇది బాగా తెలుసు. మా లెక్కల మాస్టారు షార్ట్‌వేవ్‌లో గరగర మధ్య విన్నానని చెబుతారు. ఇప్పటికీ చైనాలో దీన్ని నెమ్మది ఇంగ్లీషు అనే పిలుస్తారు. అసలు సైటు అక్కడ తెరుచుకోదు గాని, పాఠాలను అక్కడి చదువుల సైట్లు తీసి పెట్టుకున్నాయి.

ఆరోగ్యం కథనాల్లో నాకు నచ్చింది వాటి కట్టు. నిద్ర, ఉప్పు, నడక, మోకాళ్ళ నొప్పి, ఒంటరితనం లాంటివే విషయాలు. చదివేవాళ్ళకు సంగతి ముందే కాస్త తెలిసి ఉంటుంది కాబట్టి తెలియని మాటను ఊహించగలుగుతారు. ఆడియో ఉంటుంది. చివర కథనంలోని కష్టమైన మాటలకు అర్థాలు మళ్ళీ తేలిక ఇంగ్లీషులోనే ఇస్తారు. నేను ఆ చివరి భాగాన్ని మడిచి దాచేసి, ముందు కథనం రెండుసార్లు చదివిస్తాను. వాళ్ళు ఊహించిన అర్థం పక్కన పెన్సిల్‌తో చైనీస్‌లో రాసుకుంటారు, తరవాత మడత విప్పి సరిచూసుకుంటారు. ఈ పద్ధతి మొదలుపెట్టాకే, మాట మాటకూ అర్థం వెతికే ఫోన్లు సంచుల్లోకి వెళ్ళాయి.

నచ్చనిది కూడా చెప్పాలి. చాలా కథనాలు ఏదో ఒక పరిశోధన మీద ఉంటాయి. ఫలానా యూనివర్సిటీ, ఫలానా పత్రిక, ఫలానా పరిశోధకురాలు అన్నారు, అని పేర్ల వరస. విదేశీ పేర్లు చైనీస్ పాఠకులను ఎంత ఇబ్బంది పెడతాయో మనకు అర్థం కాదు, ఎందుకంటే మనం అక్షరాలు కూడబలుక్కుని పేరు పలికేస్తాం. వాళ్ళు అది పేరో, తెలియని మాటో తేల్చుకోలేక ఆగిపోతారు. అందుకని ప్రింట్ తీసేముందు నేను పేర్లన్నిటికీ కింద గీత గీసి ఉంచుతాను. గీత ఉంటే దాటిపొమ్మని అర్థం.

ఇంకో ముఖ్యమైన విషయం, 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికాను దాదాపుగా మూసేయడంతో ఈ పాఠాలు కొత్తవి రావడం ఆగిపోయింది. పాత నిల్వ పెద్దదే, చదువుకు ఇంకా చాలా ఏళ్ళు సరిపోతుంది. కానీ ఇంగ్లీషు పాతబడకపోయినా వైద్యం సలహా పాతబడుతుంది. ఉదాహరణకు పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మామూలుగా 50 ఏళ్ళకు మొదలుపెట్టాలనేవారు, 2021లో అమెరికాలో దాన్ని 45కి తగ్గించారు. కాబట్టి ప్రతి కాగితం పైన కథనం వచ్చిన సంవత్సరం పెద్దగా రాస్తాను.

మెడ్‌లైన్‌ప్లస్ అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారిది, 1998 నుంచి నడుస్తోంది. ప్రకటనలు లేవు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడి నుంచి టీకాలు, బీపీ, కంటి శుక్లాలు, కాన్పు తరవాత జాగ్రత్తలు, ఇలా ఎన్నో విషయాల మీద చైనీస్, ఇంగ్లీషు రెండింటిలోనూ కరపత్రాలు దించుకోవచ్చు. వినగానే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ రెండు భాషలూ ఒకేసారి చేతికిస్తే ఎవరూ ఇంగ్లీషు చదవరు. నేనైనా చదవను. ముందు వారం చైనీస్ కాగితం ఇంటికి ఇచ్చి పంపుతాను, మరుసటి వారం బల్ల మీద ఇంగ్లీషుది మాత్రమే పెడతాను. అప్పుడు చదువు నిజంగా సాగుతుంది, ఎందుకంటే విషయం తలలో ఉంది, మాట ఒక్కటే కొత్త.

ఈ కరపత్రాలతో వచ్చే అసలు తలనొప్పి అంకెలు. జ్వరం అంటే మనకు నూట ఒకటో, నూట రెండో. చైనీస్ వాళ్ళకు 38.5. అమెరికా కాగితంలో 100.4 అని ఉంటే మనకు ఇట్టే తెలుస్తుంది, వాళ్ళకు అది మరుగుతున్న నీళ్ళ వేడి. షుగరూ అంతే. పరగడుపున 126 అని మన దగ్గర, ఇక్కడా రాసేదాన్ని చైనాలో 7.0 అంటారు. వేరే కొలత, 18తో గుణించాలి. చైనా నుంచి తెచ్చుకున్న మీటర్ 7 చూపిస్తుంటే, కాగితంలో 126 దాటితే డాక్టర్ని కలవమని చదివి "నాది చాలా తక్కువ" అని సంబరపడిన పెద్దావిడ ఉన్నారు. ఆవిడ వాక్యంలో ప్రతి మాటా సరిగ్గానే చదివారు, అంకె దగ్గరే తేడా వచ్చింది. బరువు లెక్క కూడా వేరే: ఇక్కడ బీఎంఐ 25 నుంచి అధిక బరువు, చైనాలో 24 నుంచే. అప్పటి నుంచి మాటల పట్టికతో పాటు అంకెల పట్టిక కూడా ఇస్తున్నాను. ఈ ఒక్క విషయంలో నేను తెలుగువాణ్ణి కావడం కలిసొచ్చింది. జ్వరం ఫారెన్‌హీట్‌లో, బరువు కిలోల్లో చూసే అలవాటు మనకు రెండు వైపులా సర్దుకుపోవడం నేర్పింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. డాక్టరు చీటీ లేకుండా అమెరికాలో కొనే ప్రతి మందు డబ్బా మీదా డ్రగ్ ఫ్యాక్ట్స్ అనే పట్టీ ఉంటుంది. 1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఏ కంపెనీ మందైనా శీర్షికలు అవే, వరస అదే. మందులో ఏముంది, దేనికి పనిచేస్తుంది, ఎప్పుడు వాడాలి, హెచ్చరికలు, ఎలా వేసుకోవాలి. దగ్గు మందు డబ్బా చదివినవాళ్ళు అలర్జీ మాత్ర డబ్బా తీస్తే సగం అప్పటికే వచ్చేసి ఉంటుంది. "స్టాప్ యూజ్ అండ్ ఆస్క్ ఎ డాక్టర్ ఇఫ్", "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్" లాంటివి ఎవరూ బట్టీ పట్టలేదు, డబ్బాలు చూసీ చూసీ వచ్చేశాయి. మాటల్ని బొమ్మలతో నేర్పే ఒక యాప్‌ని వాళ్ళలో కొందరు వాడి చూశారు. "దీర్ఘకాలిక" అనే అర్థానికి ఏం బొమ్మ వేస్తారు? పడక మీద ముసలాయన. దాంతో క్రానిక్ అంటే ముసలితనం అనుకున్నారు.

పట్టీలో కష్టమంతా "అన్‌లెస్" దగ్గరుంది. 24 గంటల్లో ఇన్ని మాత్రలకు మించి వేసుకోవద్దు, డాక్టరు చెబితే తప్ప. మనలాగే చైనీస్ వాళ్ళు కూడా షరతును మామూలుగా ముందు చెప్పి, పని తరవాత చెబుతారు. ఇంగ్లీషు షరతును తోకలో పెడుతుంది. వీళ్ళు అంకె కనబడగానే చదవడం ఆపేస్తారు. చైనాలో కాలేజీ ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చిన యువతులది ఇంకో అలవాటు. ఆ పరీక్ష 710 మార్కులకు, అందులో 35 శాతం చదివి జవాబివ్వడమే. ప్రశ్నకు జవాబు ఎక్కడుందో వెతికి పట్టుకోవడంలో దిట్టలు, కానీ మొత్తం చదవరు. మందు పట్టీ ఆ ఆట సాగనివ్వదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న రాసి ఉండదు.

ఎసిటామినోఫెన్ మా బల్ల మీద ఎక్కువసార్లు వచ్చిన మాట. మనకు పారాసిటమాల్, డోలో అంటే తెలిసేది ఇదే. ఒళ్ళు నొప్పుల మాత్రలోనూ ఉంటుంది, రాత్రిపూట తాగే జలుబు మందులోనూ ఉండొచ్చు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ ఉన్న ఒకే మాటను వెతకమంటాను. పెద్దవాళ్ళకు రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటితే లివర్ దెబ్బతినే ప్రమాదముందనే హెచ్చరిక అక్కడే ఉంటుంది. అంత పొడుగు మాటను ఒక్కసారికే గుర్తుపెట్టుకున్నారంటే కారణం భయమే, నా బోధన గొప్పతనం కాదు.

చదవడం వేరు, జవాబివ్వడం వేరు. ఆస్పత్రి ఫారాలు కూడా కొన్నాళ్ళు చదివించాను. "మీకు అలర్జీలేమీ లేవా" అని ఇంగ్లీషులో అడిగితే చైనీస్ వాళ్ళు "యెస్" అంటారు, అంటే మీరన్నది నిజమే, లేవు అని. మనవాళ్ళూ అచ్చం ఇలాగే "అవునండీ, లేవు" అంటారు. నర్సు ఆ యెస్‌ని ఉన్నాయనే రాసుకుంటుంది. అందుకే జవాబు యెస్, నోతో ఆపకుండా పూర్తి వాక్యం చెప్పిస్తాను.

ఈ మూడింటిలోనూ దొరకనిది ఒకటుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన ఒక బామ్మగారు లిచీ పళ్ళు ఎక్కువ తిని "షాంగ్‌హువో" (మాటకు మాట, నిప్పు పైకెక్కడం) అయింది, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగారు. మామిడిపళ్ళు తిని వేడి చేసిందనే మనవాళ్ళకు వివరించక్కర్లేదు. వాళ్ళు చలవకు మూలికల కషాయం తాగుతారు, మనం మజ్జిగో, సబ్జా నీళ్ళో తాగుతాం. అమెరికా కరపత్రాల్లో ఈ సంగతే ఉండదు. డాక్టరుతో "నాలో నిప్పు" అని లాభం లేదు కాబట్టి, దాన్ని విడగొట్టమన్నాను: నోట్లో పుండు, గొంతు నొప్పి, మలబద్ధకం, చిగుళ్ళ వాపు, నిద్ర పట్టకపోవడం. వీటిలో వాళ్ళకు ఏది ఉందో ఆ ఇంగ్లీషు మాట నేర్చుకోవాలి. నేను పెట్టిన అభ్యాసాలన్నిటిలో దీనికే ఎక్కువ నవ్వులు, ఎక్కువ మాటలు దొరికాయి.

ఎవరికి పనికిరాదో కూడా చెబుతాను. ఏబీసీడీలు రానివాళ్ళకు ఇవేవీ వద్దు, వాళ్ళకు ముందు అక్షరాలు కావాలి. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం మాట్లాడటం నేర్చుకునేవాళ్ళకు కూడా ఆరోగ్యం పాఠాలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. నిజంగా ఒంట్లో బాగోలేనివాళ్ళకు ఈ చదువు డాక్టరుకు బదులు కాదు. ఆస్పత్రిలో ఉచితంగా దుబాసీని ఇస్తారు, అడగమని ప్రతిసారీ చెబుతాను. అది అడిగే వాక్యాన్ని మాత్రం కంఠతా పట్టిస్తాను.

మన అమ్మానాన్నల మాటకొస్తే, డ్రగ్ ఫ్యాక్ట్స్ పట్టీ నేరుగా మొదలుపెట్టేయొచ్చు, మాటలు సగం తెలిసినవే. వాయిస్ ఆఫ్ అమెరికా కథనాలు సొంతంగా రాసినవైతే ప్రింట్ తీసి పంచుకోవడానికి అభ్యంతరం లేదు. రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తా సంస్థల నుంచి తీసుకున్నవైతే ఆ వీలు లేదు, అడుగున చూసుకోండి. చైనీస్ వాళ్ళ కోసం కరపత్రాలు తీస్తుంటే మాత్రం ముందుగా ఎక్కడి నుంచి వచ్చారో అడగండి. చైనా నుంచి వచ్చినవాళ్ళు సరళ లిపి చదువుతారు, హాంకాంగ్, తైవాన్ వాళ్ళకు పాత లిపి కావాలి. మెడ్‌లైన్‌ప్లస్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి.