గేమ్ టెక్స్చర్ నుంచి డీఎక్స్‌ఎఫ్‌కి: గింప్, ఇంక్‌స్కేప్ చాలాకాలం వాడాక

పాత గేముల్లోని చిహ్నాలు, డాళ్ల మీది నగిషీలు, కిటికీ జాలీలు తీసి లేజర్ కటింగ్‌కి పంపడం నా సరదా. గేముల్లో వస్తువుల మీద అతికించే ఆ బొమ్మలు (టెక్స్చర్లు) ఎక్కువగా డీడీఎస్ ఫైళ్లలో ఉంటాయి, మెషీన్‌కేమో డీఎక్స్‌ఎఫ్ కావాలి. మొదటిదాంట్లో ఉండేవి పిక్సెళ్లు, రెండోదాంట్లో గీతల కొలతలు. కాబట్టి ఇది ఫార్మాట్ మార్చడం కాదు, బొమ్మను మళ్లీ గీయించడం.

ఫైల్ ఎక్కించగానే డీఎక్స్‌ఎఫ్ చేతిలో పెట్టే ఆన్‌లైన్ కన్వర్టర్లు కూడా చూశాను. ఒకటైతే రంగు మారిన ప్రతిచోటా గీత గీసేసింది. నున్నగా రావాల్సిన వలయం మెట్లు మెట్లుగా వచ్చింది.

అంతా కన్వర్టర్ తప్పే అనలేం. డీడీఎస్‌లో బాగా కనిపించే డీఎక్స్‌టీ1 కుదింపు బొమ్మను 4×4 పిక్సెళ్ల గడులుగా కోసి, గడికి రెండు రంగులే దాస్తుంది. మామూలుగా ఇంకో రెండు వాటి మధ్య లెక్కగట్టి తీస్తుంది. గడిలోని 16 పిక్సెళ్లూ ఆ నాలుగు రంగుల్లోనే సర్దుకోవాలి. ఆడేటప్పుడు ఇది కంటికి ఆనదు, అంచు వెంట గీత లాగబోతే మాత్రం గడులన్నీ బయటపడతాయి.

అందుకే అసలు పనంతా బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ గింప్‌లోనే. ఇప్పటి వెర్షన్లు వేరే ప్లగిన్ లేకుండానే డీడీఎస్ తెరుస్తాయి. మిప్‌మ్యాప్‌లు కూడా కావాలా అంటే వద్దనండి, అవి అదే బొమ్మకు చిన్న సైజు కాపీలు. తెరవగానే నేను చూసేది ఆల్ఫా ఛానల్, అంటే ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే పొర. డీఎక్స్‌టీ5 అనే ఇంకో కుదింపులో పారదర్శకతకు రంగుతో సంబంధం లేని చోటు ఉంటుంది, గడికి ఎనిమిది స్థాయిల దాకా. జాలీ, ఆకు, కంచె లాంటివైతే రంగులు వదిలేసి ఆల్ఫానే విడి గ్రే బొమ్మగా తీస్తాను. అంచు ఎంత శుభ్రంగా వస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. దాన్ని నాలుగు రెట్లు పెంచి, కాస్త బ్లర్ చేసి, త్రెషోల్డ్‌తో నలుపు తెలుపు చేస్తాను. బ్లర్ ఎక్కువైతే పదునైన మూలలు కరిగిపోతాయి, అది కన్ను చెప్పాల్సిన లెక్క.

తర్వాత గీతల బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్. అందులో పిక్సెళ్ల బొమ్మను గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ వెనక పనిచేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్. నలుపు తెలుపు బొమ్మ శుభ్రంగా ఇస్తే దీనికి నేను వంక పెట్టను. స్పెకిల్స్ విలువ పెంచితే నలకలు పోతాయి. మూలలు ముఖ్యమైన డిజైన్‌కి స్మూత్ కార్నర్స్ బాగా తగ్గించాలి. ఒక్క చిరాకు: సన్నటి గీతకు కూడా రెండు వైపులా అంచు గీసి, ఒకటికి రెండు గీతలు చేస్తుంది. నడిమి గీత పట్టే సెంటర్‌లైన్ పద్ధతి కొత్త వెర్షన్లలో ఉంది గానీ, గీతలు కలిసే చోట వంకర్లు పోతుంది. అలాంటివి నేను చేత్తోనే గీస్తాను.

ఇక డీఎక్స్‌ఎఫ్ ఎగుమతి. ఇక్కడ మార్కులు తగ్గిస్తాను. వంపులు స్ప్లైన్లుగా (లెక్కతో గీసే వంపు గీతలుగా) వెళ్తాయి, కొన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్లు వాటిని చదవనే చదవవు. ముందే ఫ్లాటెన్ బెజియర్స్‌తో చిన్న చిన్న సరళరేఖలుగా విరగ్గొట్టాలి. కొలతలు ఇంకో తలనొప్పి. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కేస్తుంది కాబట్టి 1024 పిక్సెళ్ల వెడల్పు 270.93 మిల్లీమీటర్లవుతుంది. అవతలి ప్రోగ్రామ్ ఆ అంకెల్ని అంగుళాలనుకుందా, బొమ్మ 25.4 రెట్లు పెరిగిపోతుంది. నేను పక్కన సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పంపుతాను, తెరవగానే దాన్ని కొలిస్తే టెన్షన్ ఉండదు.

తుప్పు, రాయి, చెక్క లాంటి టెక్స్చర్లను ఈ దారిలో పెట్టకండి, వేలకొద్దీ ముక్క గీతలు తప్ప ఏమీ మిగలదు. డ్రాయింగ్‌లో అవి కనిపించాలంటే పీఎన్‌జీగా మార్చి క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్) ప్రోగ్రామ్‌లో బొమ్మగానే జోడించండి. డీఎక్స్‌ఎఫ్‌లోకి ఆ ఫైల్ దారి మాత్రమే వెళ్తుంది కాబట్టి పీఎన్‌జీని కూడా కలిపి పంపాలి, లేకపోతే అవతలివాళ్లకు కనిపించేది ఖాళీ చట్రమే.