కళింగపట్నం గుడారాల దగ్గర కారు ఛార్జింగ్: గోడ ఛార్జరా, పదిహేను యాంప్స్ ప్లగ్గా?

కళింగపట్నం బీచ్ పక్కన నాలుగు గుడారాలు వేసి అద్దెకిద్దామనుకుంటే, అతిథుల ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ సంగతి ముందే తేల్చుకోవాలి. మంజూరైన లోడు 5 కిలోవాట్లే అనుకుందాం.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అది లాగేది 32 యాంప్స్. ఒక్క కారుకే ఉన్న లోడంతా చాలదు, ఆపై ఎవరైనా గీజర్ వేశారా, మెయిన్ పడిపోతుంది. లోడు పెంచుకోవచ్చు గాని డబ్బు కట్టాలి, సర్వీసు వైరు మార్చాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఖాళీ లేకపోతే అదో పెద్ద తిరుగుడు.

మామూలు 15 యాంప్స్ ప్లగ్గు నిదానమే. కాని రాత్రంతా నిలబడే కారుకి తొందరేటి? విశాఖ నుంచి ఇక్కడికి దాదాపు 130 కిలోమీటర్లు. నెక్సాన్ లాంటి కారు అందుకు 20 యూనిట్లు అటూఇటూ తింటుంది. ప్లగ్గుకి తగిలించే ఛార్జర్‌ని 10 యాంప్స్‌కి తగ్గించి రాత్రి ఎనిమిదికి పెడితే గంటకి 2.3 చొప్పున తెల్లారి ఆరుకి 23 యూనిట్లు. వేడికి పోయేది పోయినా ఇల్లు చేరొచ్చు. ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కీ లోడు మిగులుతుంది. రెండో కారొస్తే చెరో 6 యాంప్స్. అంతకన్నా తగ్గిస్తే కారు తీసుకోదు. గీజర్లు మాత్రం తెల్లారి ఆరు దాటాకే.

నా ఓటు ప్లగ్గుకే, అయితే పని గట్టిగా చేయించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపిస్తే రెండు గంటల్లో ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, తర్వాత కరుగుతుంది. మీటరు నుంచి ప్రతి పాయింటుకీ విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చి), 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే, షాకు కొడితే ఆపేసే స్విచ్చి) ఉండాలి. ఇంకో తంటా ఎర్తింగ్. పైన ఎండిన ఇసకలో కడ్డీ పాతితే చాలదు, తడి తగిలేదాకా దించాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన క్లాంపు వదులైతే ఛార్జర్ మీద ఎర్రలైటు వెలిగి ఊరుకుంటుంది. అతిథి మాత్రం మన కరెంటునే తిడతాడు. యూనిట్ల లెక్కకి చిన్న సబ్‌మీటరు పెట్టుకుంటే పేచీ ఉండదు.

మొత్తం వాడకాన్ని కనిపెట్టి తనంతట తానే తగ్గే ఛార్జర్లూ ఉన్నాయి. రోజూ మూడు కార్లు దిగుతుంటే అప్పుడు కొనండి. సోలార్ ఒక్కదాన్నే నమ్ముకోలేం, ఎండ ఉన్న వేళకి కారు అరసవల్లిలోనో శ్రీకూర్మంలోనో ఉంటుంది.

గంటలో నిండాలనేవాళ్లు జాతీయ రహదారి 16 మీద డీసీ ఛార్జర్ (వేగంగా నింపే పెద్ద ఛార్జర్) దగ్గరే నింపుకుని రావాలి. తుపాను హెచ్చరిక ఉంటే అందరికీ అదే చెప్పండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు.