నడుం వంగకుండా చెత్త ఏరే పికర్: మా వీధి బ్యాచ్ వాడి చూశాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది సోఫా కింద పడ్డ రిమోట్ తీసుకోడానికి కొన్నవాళ్ల రివ్యూ కాదు. మా వీధిలో కొంతమందిమి కలిసి ఆదివారం పొద్దున్నే రోడ్డు పక్కన, పార్కు గోడ వెంబడి, మురిక్కాలువ గట్టు మీద చెత్త ఏరుతుంటాం, దానికోసం రెండు రకాల పికర్లు తెప్పించాం, అంటే పొడుగు రాడ్‌కి ఒక చివర పిడి, నొక్కే ట్రిగ్గర్, ఇంకో చివర చెత్తని పట్టుకునే మూతి ఉండేవి, ఒకటి మధ్యలో మడతపడేది, ఇంకోటి మడత లేకుండా నిటారుగా ఉండే అల్యూమినియం రాడ్‌ది. రెండూ చేతులు మారి మారి బాగా నలిగాయి, ఎండా వానా దుమ్మూ అన్నీ చూశాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మడతది వద్దు. అంతే, దాని గురించి ఇంకెక్కువ చెప్పను. బ్యాగులో పట్టేస్తుంది కదా అని అందరికీ మొదట అదే నచ్చుతుంది గానీ, ఆ మడత దగ్గరుండే చిన్న పిన్ లూజ్ అయ్యాక మనం ట్రిగ్గర్ నొక్కితే రాడ్ ఓ పక్కకి ఊగుతుంది, మూతి ఇంకో పక్కకి పోతుంది, లోపల లాగే తీగ కూడా మడత పడేచోటే తెగుతుంది. ఇంట్లో ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లకి ఓకే, గంటసేపు ఆపకుండా నొక్కే పనికి కాదు.

ఇక అసలుది, నిటారు రాడ్‌ది. దీని ప్రాణమంతా మూతిలోనే ఉంది. మార్కెట్లో రెండు రకాల మూతులు వస్తాయి, రెండు గుండ్రటి రబ్బరు కప్పులు ఉండేది, పట్టకారులా చదునైన పెదాలు ఉండేది. కప్పులది సీసాలకి, టిన్నులకి భలే ఉంటుంది, గట్టిగా పట్టేస్తుంది. కానీ రోడ్డు మీద సీసాలెన్ని ఉంటాయి చెప్పండి, అవి కనపడితే ఎవరో ఒకరు అమ్ముకోడానికి ముందే తీసుకెళ్తారు. మిగిలేదంతా చాక్లెట్ కాగితాలు, చిప్స్ ప్యాకెట్ల చింపుళ్లు, స్ట్రాలు, అన్నిటికన్నా ఎక్కువగా సిగరెట్ పీకలు. వీటికి చదును పెదాలదే కావాలి. కొనేముందు చిన్న టెస్ట్ చేయండి, మూతి మూసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, రెండు పెదాల మధ్య సందులోంచి వెలుగు కనపడిందా, దాంతో పీక రాదు. మాకు వచ్చినవాటిలో కొన్నిటికి అలాగే సందు ఉంది, నేలమీద పీకని పట్టుకున్నట్టే పట్టుకుని పైకి లేపేలోపు జార్చేస్తుంది, మళ్లీ పట్టు, మళ్లీ జారు, చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ ఏరేవాడికి కాలుతుంది. వాటిని మార్చి పంపించమంటే మార్చారులెండి.

పీకల గురించి ఇంత గోల దేనికి అంటే, ఆ ఫిల్టర్ దూదో కాగితమో అనుకుని వానకి కరిగిపోతుందిలే అని వదిలేస్తారు చాలామంది, అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ అండీ, అంత తొందరగా పోయేది కాదు, వానొస్తే సీదా కాలువలోకే. సముద్రం ఒడ్డున వాలంటీర్లు ఏరినవన్నీ రకం ప్రకారం లెక్కరాసే ఓషన్ కన్సర్వెన్సీ అనే సంస్థ వాళ్ల క్లీనప్ 1986 నుంచి నడుస్తోంది, అందులో ఏళ్ల తరబడి ఫస్ట్ ప్లేస్ ఈ పీకలదే, 2020 రిపోర్టులో మొదటిసారి తిండి ప్యాకెట్లు వాటిని దాటాయి. అంటే పీకలూ ప్యాకెట్లూ రెండూ పట్టని పికర్ ఎంత మెరిసినా ఏం లాభం.

ఇంకో సంగతి, పెద్ద చెత్త తీసేసి చిన్న ముక్కలు వదిలేస్తే ఆ చోటు శుభ్రంగా ఉన్నట్టే అనిపించదు, మళ్లీ పడేస్తారు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ఊళ్లో సైకిళ్ల హ్యాండిళ్లకి కరపత్రాలు తగిలించి ఓ ప్రయోగం చేశారు, 2008లో వచ్చింది అది, పక్కన గోడ శుభ్రంగా ఉంటే 33 శాతం మంది ఆ కాగితం కింద పడేశారు, అదే గోడ నిండా పిచ్చిరాతలుంటే 69 శాతం మంది. మా పార్కు గోడ మూల చూస్తే నాకూ అదే అనిపిస్తుంది, ముక్కల్తో సహా ఏరిన వారం కాస్త ఆగుతారు, పైపైన ఏరిన వారం సాయంత్రానికే మొదలు.

ట్రిగ్గర్ సంగతి. రెండు వేళ్లు పట్టేది కొనకండి, నాలుగు వేళ్లూ పట్టేది కొనండి. దుకాణంలో నాలుగుసార్లు నొక్కితే తేడా తెలీదు, అరగంట దాటాక బొటనవేలి మొదట్లోంచి మణికట్టు దాకా లాగేస్తుంది. స్ప్రింగ్ మరీ గట్టిగా ఉన్నా అంతే. మధ్యమధ్యలో చెయ్యి మార్చుకుంటే కొంచెం నయం, ఎడంచేత్తో మొదట్లో గురి కుదరదు, తర్వాత అదే అలవాటవుతుంది. పొడవు 80 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలు ఎత్తు వాళ్లకి సరిపోతుంది, బాగా పొడుగున్నవాళ్లు ఇంకా పొడుగుది చూసుకోవాలి, లేకపోతే వంగాల్సిందే, ఇక పికర్ ఎందుకు.

మా వీధి చివరింటి మామ్మగారు మోకాళ్ల నొప్పులని ఎప్పుడూ గేటు దగ్గరే నిలబడి చూసేవారు, ఓసారి చేతిలో పెడితే ఇక ఇవ్వరే! మేం కాలువ దాకా వెళ్లొచ్చేసరికి ఆవిడ తన గోడ పక్కన కంకరలో ఇరుక్కున్న పీకలు ఒక్కోటీ గుచ్చి గుచ్చి లాగుతున్నారు, “ఇదిగో బాబూ, ఇది రావట్లేదు, నువ్వు తియ్యి” అని ఒకదాని దగ్గర ఆపి మరీ చూపించారు. వంగలేనివాళ్లు కూడా పనిలోకి రాగలగడం అనేదే ఈ వస్తువుకి నేనిచ్చే పెద్ద మార్కు.

దీంతోపాటు ఒక రింగ్ కూడా అమ్ముతారు, సంచి మూతికి తగిలించే ప్లాస్టిక్ చట్రం, పిడి ఉంటుంది. ఇది అనవసరం అనుకుని చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే పికర్ ఒకటి తగ్గించైనా రింగ్ కొనండి. గాలికి కవర్ మూతి మూసుకుపోతుంటే ఒక చేత్తో పికర్, ఇంకో చేత్తో కవర్, ఇక ఏరినట్టే. రింగ్ ఉంటే సంచి నోరు తెరుచుకునే ఉంటుంది, పైగా సంచి కాలికి దూరంగా ఉంటుంది, లోపల గాజు పెంకులుంటే పిక్కకి గుచ్చుకోదు. సంచి నిండింది కదా అని చేత్తోనో కాలితోనో అదమడం మాత్రం వద్దు. సిరంజీలు కనపడితే పికర్‌తోనే తీసి మూత ఉన్న గట్టి డబ్బాలో వేయండి, సంచిలో వద్దు, గ్లౌజులు వేసుకున్నా చేత్తో పట్టుకోవద్దు, సూది గ్లౌజుని లెక్కచేయదు.

పనికిరానిచోట్లు కూడా చెప్పాలి. మట్టిలో సగం కూరుకుపోయిన పాత కవర్ని ఇది లాగలేదు, మూతి జారిపోతుంది లేదా కవరే చిరిగి సగం లోపలే ఉండిపోతుంది, దానికి చిన్న గునపమో పారో కావాలి. తడి గుడ్డలూ అంతే, బరువు. డబ్బా మీద బొమ్మలో ఇటుక ఎత్తుతున్నట్టు వేశారు, ఎత్తుతుంది, రాడ్ వంగుతుంది. ఎన్నాళ్ల నుంచో పోసిన కుప్ప అయితే అసలు దీని పనే కాదు. ఎస్టోనియా దేశంలో 2008 మే 3న దాదాపు 50 వేల మంది కలిసి ఒక్కరోజులో 10 వేల టన్నుల చెత్త ఎత్తారు, అడవుల్లోనూ రోడ్ల పక్కనా దొంగతనంగా పారబోసినది, దానికి ముందుగానే వాలంటీర్లు ఎక్కడెక్కడ కుప్పలున్నాయో తిరిగి మ్యాప్ మీద గుర్తుపెట్టుకున్నారు. అలాంటిదానికి పారలు, లారీలు, ప్లానింగు. పికర్ అనేది చెల్లాచెదురుగా పడ్డదానికి.

ఏరాక సంచులు ఎవరు తీసుకెళ్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. మున్సిపాలిటీ బండి వచ్చే టైముకి మనం ముగించాలి, లేకపోతే ఆ సంచులన్నీ రోడ్డు పక్కనే ఉండి రాత్రికి కుక్కలు లాగి మళ్లీ పరిచేస్తాయి.

మెయింటెనెన్స్ పెద్దగా లేదు, చేసేది మాత్రం మానకండి. మూతి తిరిగే జాయింట్లో ఇసుక చేరి బిగుసుకుపోతుంది, పని అయ్యాక నీళ్లతో కడిగి తుడిచి నీడలో వేలాడదీయాలి. రాడ్ అల్యూమినియం కాబట్టి తుప్పు రాదు, స్ప్రింగ్, స్క్రూలు మాత్రం తుప్పు పడతాయి, ఒక చుక్క నూనె చాలు. ఎండలో వదిలేస్తే పిడి ప్లాస్టిక్ పెళుసైపోయి పుటుక్కుమంటుంది, మాది ఒకటి అలాగే పోయింది. కొన్ని మోడళ్లకి మూతి చివర అయస్కాంతం ఉంటుంది, మేకులు, పిన్నులు అంటుకుంటాయి, టైర్లు పంచర్లయ్యే రోడ్డయితే పనికొస్తుంది, లేకపోతే దానికోసం వెతుక్కోనక్కర్లేదు.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఒకటి తగ్గించింది పెదాల రబ్బరు గురించి. అది అరిగిపోయాక స్పేర్ విడిగా దొరకట్లేదు, బాగానే ఉన్న రాడ్‌తో సహా మొత్తం పారేసి కొత్తది కొనుక్కోవాలట, చెత్త ఏరడానికి కొన్న వస్తువే చెత్తలోకి పోవడమేంటండీ. ప్రస్తుతానికి మేం పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి గమ్ పెట్టి అతికించాం, కంపెనీ రబ్బరు కన్నా అదే బాగా పడుతోంది.