ఒక జంతు రక్షణ సంస్థతో ఏడేళ్లు: సేవలు, నియమాలు, నా అనుభవం

హైదరాబాద్ శివార్లలో విరాళాల మీద నడిచే ఒక జంతు రక్షణ సంస్థతో నాకు 2018 నుంచి పరిచయం. గాయపడిన వీధి కుక్క కోసం ఫోన్ చేసినవాడిగా మొదలై, వారి దగ్గర ఒక కుక్కను దత్తత తీసుకుని, అనాథ కుక్కపిల్లలను కొన్నాళ్లు పెంచి ఇచ్చి, మూడు వైపుల నుంచీ వారి పనిని చూశాను. ఇందులో ఫిర్యాదు కూడా ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు. వారు కుదరదని చెప్పిన ప్రతిసారీ నాకు బాధ కలిగింది. వారి మీద నమ్మకం కుదిరింది కూడా ఆ సందర్భాల వల్లనే.

2019 వానాకాలంలో మా వీధి చివర ఒక యూరియా సంచిలో నాలుగు కుక్కపిల్లలు దొరికాయి. కళ్లు తెరిచి వారం కూడా అయి ఉండదు. షెల్టరుకు తెస్తానంటే చేర్చుకోలేమన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. అప్పుడు వారి డాక్టరు గారే ఫోన్ తీసుకుని, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలోనూ గిన్నెలలోనూ నెలల తరబడి ఉంటుందని, ఫినాయిల్‌తో కడిగినా పోదని, టీకా వేసే వయసు రాని పిల్లలను జబ్బు కుక్కలు వచ్చిపోయే చోట పెడితే దక్కడం కష్టమని, మీ ఇంట్లో ఒక గది ఇవ్వగలిగితే మిగతాది మేము చూసుకుంటామని వివరించారు. ఆ సాయంత్రమే ఒక వాలంటీరు పాలపొడి, సూదులు తీసేసిన సిరంజీలు, నులిపురుగుల మందు తెచ్చి ఇచ్చింది. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పాలు పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని చెప్పి, ఒక పిల్లను తువ్వాలు మీద బోర్లా ఉంచి, గడ్డం కింద వేలు ఆనించి, చుక్క చుక్కగా పట్టి చూపించింది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టడం, పాలు పట్టాక తడి దూదితో పొట్ట కింద తుడిచి మూత్రం పోయించడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాం. మా అమ్మగారు రాత్రంతా మూడేసి గంటలకు ఒకసారి లేచి పాలు పట్టారు. మూడు పిల్లలు బతికాయి. వాటి టీకాలకు ఒక్క రూపాయి తీసుకోలేదు. మూడింటికీ ఇళ్లు చూసింది కూడా వారే.

దత్తత నియమాలు గట్టివి. అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వక అంగీకారం కావాలి, ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి, కుక్కకు వయసు రాగానే పిల్లలు పుట్టకుండా కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేయించాలి, గొలుసుతో కట్టి ఉంచకూడదు. మా ఇల్లు చూడడానికి వచ్చినావిడ బాల్కనీ గ్రిల్లు కమ్మీల మధ్య తన పిడికిలి పెట్టి చూసి, అది దూరిపోవడంతో, కింద వల కట్టించాకే కుక్కను ఇస్తామన్నారు. అన్నిటికంటే నాకు నచ్చిన నియమం, పెంచలేని పరిస్థితి వస్తే ఎప్పుడైనా సరే తిరిగి వారికే అప్పగించాలన్నది. సరైన కారణం లేకుండా జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని చాలామంది పెంపకందార్లకు తెలియదు. ఇల్లు మారుతున్నామని లాబ్రడార్లను సైతం గేటుకు కట్టేసి పోయేవారిని నేనే చూశాను.

వీధి కుక్కల విషయంలో మా కాలనీకీ వారికీ తరచూ వాదన జరుగుతుంది. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటనే వదులుతారు. దూరంగా వదలమని ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా ఒప్పుకోరు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది కూడా అదే. టీకా వేసిన కుక్కలను తరిమేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్తవి వస్తాయన్న వారి మాట మా వెనక వీధిలో నిజమైంది. ఈ పని కోసం వారాల తరబడి ఎదురుచూడక తప్పదు.

లోపాలున్నాయి. రాత్రి ఎనిమిది దాటితే అంబులెన్సు రాదు. అంతకంటే నన్ను బాధించింది సమాచారం ఇవ్వకపోవడం. నడుము విరిగిన ముసలి కుక్కనొకదాన్ని 2022లో నేనే స్వయంగా తీసుకెళ్లి అప్పగించాను. అది పోయిన సంగతి పదకొండు రోజుల తర్వాత, నేను బిస్కెట్లు పట్టుకుని చూడడానికి వెళ్లినప్పుడు తెలిసింది. బోనులో వేరే కుక్క ఉంది. చేతినిండా పని ఉన్నవాళ్లని తెలుసు, అయినా ఒక్క ఫోన్ చేయాల్సింది. ఉత్తరం రాస్తే క్షమాపణ చెప్పారు, తెచ్చినవారికి వారానికోసారి కబురు పంపే ఏర్పాటు చేశారు. అది ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది.

ఇలాంటి సంస్థకు ఫోన్ చేసేవారు ముందు ఫొటో, లొకేషన్ పంపి, వాహనం వచ్చేవరకు దయచేసి ఆ జీవి దగ్గరే ఉండండి. దెబ్బ తగిలిన కుక్క ఒంటరిగా ఉంటే పాక్కుంటూ వెళ్లి ఏ కారు కిందో దాక్కుంటుంది. వచ్చినవాళ్లు వీధంతా వెతికి, కనబడక, ఖాళీ బండితో తిరిగి వెళ్లడం నేను రెండుసార్లు చూశాను.