డాస్‌తో ఇన్నాళ్లు: డేటా ఎవరిది వాళ్ల దగ్గరే, అదే సుఖం అదే తంటా

డిస్ట్రిబ్యూటెడ్ అనోటేషన్ సిస్టమ్, అదే డాస్, అంటే జీనోమ్ మీద వేర్వేరు ల్యాబ్‌లు పెట్టిన గుర్తుల్ని వాళ్ల సర్వర్ల నుంచే తెచ్చి ఒకచోట చూపించే పద్ధతి, జీనోమ్ పనిలో ఉన్న మాలాంటివాళ్లకి కొత్త కాదు. 2001లో రాబిన్ డావెల్, లింకన్ స్టైన్ వాళ్లు ప్రచురించినప్పటి నుంచి దాని గురించి చాలామందే రాశారు. నేను దానికి అతుక్కుపోయింది మాత్రం ఒక్క కారణంతో: ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంకో ల్యాబ్ గుర్తించిన మ్యూటేషన్లు కావాలంటే ఫైల్ పంపమని బతిమాలడం, వాళ్లు సరిదిద్దిన ప్రతిసారీ మళ్లీ దించుకోవడం, ఆ గోలే లేదు. సర్వర్ అడ్రస్ ఇస్తే జీనోమ్‌ని చూపించే ఎన్‌సెంబుల్ బ్రౌజర్‌లో మన ట్రాక్ (డేటా వరుస) కిందే వాళ్ల ట్రాక్ వచ్చేసేది. ఎంత హాయో!

కానీ ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. మనిషి జీనోమ్‌కి జీఆర్‌సీహెచ్37 అనే కొత్త అసెంబ్లీ (రిఫరెన్స్ కూర్పు, దాంతో స్థానాల నంబర్లు మారతాయి) వచ్చాక, మేం వాడే ఒక బయటి సర్వర్ వాళ్లు సోర్స్ పేరు కొత్త అసెంబ్లీకి మార్చి, లోపల నంబర్లు మాత్రం పాత ఎన్‌సీబీఐ36వే ఉంచేశారు. ఎర్రర్ ఏమీ రాలేదు, ట్రాక్ చక్కగా కనిపించింది. టీపీ53 అనే జీన్‌లో ఉండాల్సిన మ్యూటేషన్ గుర్తులేమో దాదాపు 59 వేల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) పక్కకి, ఎఫ్ఎక్స్ఆర్2 అనే వేరే జీన్ దగ్గర పడ్డాయి. మా జట్టులో ఒకమ్మాయి టీపీ53లో 273వ కోడాన్ (ఒక అమినో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) వెతుకుతూ "సార్, ఇక్కడ టీపీ53యే లేదు" అనేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. జీనోమ్ అక్షరాలు ఇచ్చే రిఫరెన్స్ సర్వర్‌ని 17:7577119,7577121 (17వ క్రోమోజోమ్‌లో కొత్త అసెంబ్లీ ప్రకారం ఆ కోడాన్ చోటు) అడిగితే ఏసీజీ ఇచ్చింది. టీపీ53 డీఎన్ఏలో ఎదురు పోగు మీద ఉంటుంది కాబట్టి ఆ పోగు మీద చదివితే అది సీజీటీ, ఆర్జినైన్, ఉండాల్సిందే అది. బయటి సర్వర్ అదే కోడాన్‌లోని మ్యూటేషన్‌ని 7517845 దగ్గర, అంటే పాత అసెంబ్లీ నంబర్ దగ్గర చూపిస్తోంది. సర్వర్ పంపే జవాబులో అసెంబ్లీ వెర్షన్ రాయడానికి చోటుంది, అందులో ఉన్నది వట్టి 1.0. మెయిల్ పెడితే ఎప్పటికో పలికారు, ఈలోపు మా రిపోర్ట్ ఆగిపోయి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఎవరి డేటా వాళ్ల దగ్గరే అన్నాను కదా, తప్పు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది, దాన్ని మనం దిద్దలేం. సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల డాస్ రిజిస్ట్రీలో (డాస్ సర్వర్ల జాబితాలో) నమోదైన సోర్స్‌లకి అసెంబ్లీ ఏదో స్పష్టంగా రాసి ఉండేది. ఈ సర్వర్ అందులో లేదు.

ఇప్పుడు ఎన్‌సెంబుల్ డాస్‌ని వదిలేసింది, మేమూ ట్రాక్ హబ్‌లకి (ఫైళ్లని వెబ్‌లో పెడితే బ్రౌజర్ నేరుగా చదువుకునే పద్ధతి) మారాం. పెద్ద డేటాకి హబ్‌లలో వాడే బిగ్‌బెడ్, బిగ్‌విగ్ ఫైళ్లే నయం, అందులో సందేహం లేదు. అక్కడా జీనోమ్ పేరు తప్పు రాస్తే ఇదే బాధ అనుకోండి. డేటా చిన్నదై, తరచూ మారుతూ, చూసేవాళ్లు కూడా మన అదుపులో ఉన్న బ్రౌజర్‌నే వాడేవాళ్లయితే నేను ఇప్పటికీ ప్రోసర్వర్ (పెర్ల్ భాషలో రాసిన డాస్ సర్వర్) పెట్టుకుంటాను, ఎందుకంటే మా ల్యాబ్‌లో పెర్ల్ బాగా వచ్చిన మనిషి ఉన్నాడు. మీ దగ్గర అలాంటివాళ్లు లేకపోతే హబ్‌తోనే సరిపెట్టుకోండి.