చలికాలం టూర్ ప్యాకేజీ కొంటున్నారా? టికెట్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో ముందు చూసుకోండి

ఒడిశా రాయగడలోనూ చుట్టుపక్కలా ఉన్న మనవాళ్లకి ఒక మాట. ఢిల్లీ, ఆగ్రా, కాశీ అంటూ చలికాలం ప్యాకేజీలు జోరుగా అమ్ముతున్నారు. డిసెంబరు ఆఖర్లో మేం ఐదుగురం వెళ్లాం. మంచులో తాజ్‌మహల్ సగమే కనబడింది, అది ఏజెంటు తప్పు కాదు లెండి. దెబ్బంతా తిరుగు ప్రయాణంలో తగిలింది.

మంచు మనకి కొత్తేం కాదు. కోరాపుట్ వైపు పొట్టంగి ఘాట్‌ రోడ్డులో తెల్లవారుజామున బస్సెక్కినవాళ్లకి తెలుసు. కాని మన మంచు ఎండెక్కితే విడిపోతుంది. అక్కడ గాలి కదలదు, ఒక్కోరోజు మధ్యాహ్నమైనా బళ్లు లైట్లు వేసుకునే తిరుగుతాయి. రైలు నడిపేవాళ్ల దగ్గర మంచులో ముందున్న సిగ్నల్ సంగతి చెప్పే ఫాగ్ పరికరం ఉన్నా గంటకి 75 కిలోమీటర్లు దాటకూడదట. పైగా ఇటు నుంచి వెళ్లిన రైలుపెట్టెలే అటు నుంచి తిరిగి రావాలి. ఆ బండి ఎంత ఆలస్యంగా నడుస్తోందో ముందురోజే రైల్వే నంబరు 139కి ఫోన్ చేసి కనుక్కుంటే మన బండి సంగతి సగం తెలిసిపోతుంది. మాకు ఆ తెలివి లేకపోయింది.

నిజాముద్దీన్ స్టేషన్‌లో రెండు గంటల లేటు అన్నారు, తర్వాత ఐదు, ఆ తర్వాత తొమ్మిది. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని బెంచీ మీద, మా చిన్నోడు జ్వరంతో నా ఒళ్లో. నా ఫోన్‌కి రైల్వే నుంచి ఒక్క మెసేజ్ రాలేదు. అనుమానం అప్పుడే రావాల్సింది.

ఏజెంటుకి ఫోన్ చేస్తే, "ఆ బండి వదిలెయ్యండి సార్, రేపటికి వేరే టికెట్లు తీస్తాను, మనిషికి 2,800 పంపండి" అన్నాడు. ఆ చలిలో బేరమాడే ఓపిక ఎవరికుంది? పంపేశాను. మజ్జిగౌరమ్మ దయవల్ల మూడోరోజు ఇల్లు చేరాం.

పాత టికెట్ల డబ్బు అడిగితే, "దేవుడు మంచు పంపితే నేనేటి చేస్తాను సార్, రిఫండ్ ఉండదు" అన్నాడు. పచ్చి అబద్ధం. మనం ఎక్కే స్టేషన్‌లో బండి మూడు గంటలకి మించి లేటైతే, అది బయల్దేరకముందే టీడీఆర్ (ఆ బండి ఎక్కడం లేదు, డబ్బు వెనక్కివ్వండని రైల్వేకి పెట్టే అర్జీ) వేస్తే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. తత్కాల్ టికెట్‌కైనా అంతే. అధీకృత ఏజెంటు తీసిన టికెట్‌కి రిఫండ్ వస్తే ఓటీపీ ప్రయాణికుడి ఫోన్‌కే వస్తుంది. దాన్ని మనం చెబితే ఏజెంటు మన డబ్బు మనకిస్తాడు. ఇతను టికెట్‌లో తన నంబరే పెట్టుకున్నాడు. నిలదీస్తే, "మీకెందుకు శ్రమ అని మా నంబరే పెడతాం సార్" అన్నాడు! మాకు పంపింది వాట్సాప్‌లో సీటు నంబర్లే, టికెట్ ప్రింటు ఎప్పుడూ చూపలేదు.

ఇంకోటి. "మంచు ఇన్సూరెన్స్" అని తలకి 350 తీసుకున్నాడు. టికెట్‌తో పాటు పైసల్లో దొరికే ఆ ఇన్సూరెన్స్ ప్రమాదాలకే గాని ఆలస్యానికి కాదు.

రెండు వారాలు తిరిగితే 6,000 ఇచ్చాడు, మిగతాది సంక్రాంతి అయ్యాక అంటున్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మా వీధిలో ఇంకో మూడు కుటుంబాలు ఇతనికే కాశీకని అడ్వాన్సు ఇచ్చాయి. నిన్న వాళ్లింటికెళ్లి, టికెట్ ప్రింటు చేతికొచ్చి అందులో మీ నంబరే ఉందని తేలేదాకా మిగతా డబ్బు కట్టకండని చెప్పి వచ్చాను.